సున్నా పాయింట్ తొమ్మిది

కఫ్ర్ జనాయిన్,
డిసెంబరు నాలుగు, గురువారం.

అన్నయ్య అవద్‌కి చెల్లెలు ఇబ్తిహాల్ సలాములు.

అందరం క్షేమం అన్న మాట మొదట్లో కనబడకపోతే నీ గుండె జారిపోతుందని తెలుసు. అందుకే రాస్తున్నాను. నాన్న క్షేమం, గేదె క్షేమం, మొన్నటి వానకి వంటింటి గోడ ఒరిగింది గాని పడలేదు. అమ్మ ఉంది. అక్కడ ఆ ఎడారిలో నువ్వూ, నీ హవల్దారూ, నువ్వు మోసే తుపాకీ కూడా క్షేమమనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం రాగిబ్ తెచ్చి ఇచ్చాడు. సెలవు మీద వచ్చినవాడు సొంత ఇంటికి కూడా పోకుండా తిన్నగా మన గుమ్మంలోకి వచ్చాడు పాపం. రేపు జుమ్మా నమాజు అయ్యాక మళ్ళీ బయలుదేరుతాడట. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తాను. ఫోన్లు లేని చోట నిన్ను పడేసిన సర్కారుకి ఒక రకంగా దండం పెట్టాలి. ఇప్పుడు రాయబోయేది ఫోనులో నా నోటినుంచి వచ్చేది కాదు.

నీ ప్రశ్నలకు వరసగా జవాబు చెప్తాను, లేకపోతే "అడిగింది ఒకటి, రాసింది ఒకటి" అని మళ్ళీ దెప్పుతావు.

అమ్మ ఎలా ఉందని అడిగావు. శని, సోమ, బుధవారాలు డయాలసిస్. పొద్దున ఆరింటికి మైక్రోబస్సు ఎక్కుతాం, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరతాం. నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని లేచాక ఆమె కాళ్ళు ఆమెవి కావు, పట్టుకుని నడిపించాలి. టమాటా వద్దన్నారు, ఖర్జూరం వద్దన్నారు, అరటిపండు వద్దన్నారు. బంగాళాదుంపలు రెండు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి పెట్టాలట. పాత ఉప్పు జున్ను జాడీ నాన్న తీసుకెళ్ళి మన వీధిలో హాషిం వాళ్ళమ్మకి ఇచ్చేశాడు. అమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మంచినీళ్ళు రోజుకి మూడు చిన్న గ్లాసులు. నోరు పుక్కిలించి ఉమ్మేస్తూ, "నైలు కాలవ గట్టున పుట్టి దాహంతో ఛస్తున్నాను చూడవే" అంటుంది. నవ్వుతూనే అంటుందిలే.

నీ కిడ్నీ ఇస్తానని రాశావు. నీ బ్లడ్ గ్రూపు పడదని ఆసుపత్రివాళ్ళు తేల్చేశారు. నీది నీ దగ్గరే ఉంచుకో. పైగా అమ్మ గుండె ఇప్పుడు ఆపరేషన్‌కి ఓర్చుకోలేదట. ఖైరీ అన్నయ్య ఎర్రసముద్రం ఒడ్డున హోటల్లో వంటపని ఆపుకుని రెండు రోజులు వచ్చి వెళ్ళాడు. వచ్చినంతసేపూ ఏడ్చాడు, వెళ్ళేటప్పుడు అమ్మే వాణ్ణి ఓదార్చి పంపింది.

నా చదువు గురించి అడిగావు. నాలుగో సంవత్సరం, కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఆఖరి ఏడాది. ఈ టర్మ్‌లో ఎంజైములు, శరీరంలో తిండి ఏమవుతుందో దాని లెక్క, ఆర్గానిక్‌లో ఇంకో పెద్ద పుస్తకం. పోయిన వారం ప్రొఫెసరమ్మ బోర్డు మీద కిడ్నీ బొమ్మ గీసి, "ఇది మూడు వంతులు చెడిపోయేదాకా మనిషికి తెలియనివ్వదు. మనిషి తిరుగుతూనే ఉంటాడు, వంట చేస్తూనే ఉంటాడు" అంది. రెండువందల మంది రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నా పక్కన కూర్చునే సుహైలా నా చెయ్యి పట్టుకుంది, నేను విదిలించుకున్నాను. అప్పటినుంచి మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. అసలు అది ప్రశ్న కాదు, హుకుం. "రంజాన్‌లో నువ్వు యూనివర్సిటీలో అమ్మ రక్తం పరీక్ష చేసిన రికార్డు పుస్తకం రాగిబ్‌తో పంపు. సున్నా పాయింట్ తొమ్మిది అని, సారు సంతకంతో సహా ఉంది కదా. పధ్నాలుగున సెలవు మీద వస్తాను. పదహారున డాక్టర్ల సంఘం విచారణలో ఆ పేజీ బల్ల మీద పెట్టి, మా అమ్మ కిడ్నీలు బంగారంలా ఉండేవి, ఈ డాక్టరు జహ్రాన్ గాడి బిళ్ళలే వాటిని తినేశాయి అని అందరి ముందూ అరుస్తాను. తర్వాత వాడి క్లినిక్కు సంగతి చూస్తాను" అని రాశావు.

నువ్వు రాకముందే ఊరు ఆ క్లినిక్కు సంగతి చూసేసింది. బోర్డు మీద పేడ కొట్టారు. కాంపౌండరు పని మానేశాడు. నాన్న కాఫీ హోటల్లో కూర్చుని వచ్చినవాడికల్లా చెప్తున్నాడు: "వాడే ఒప్పుకున్నాడయ్యా, మందు రాసే ముందు కాగితంలో బాగానే ఉందని! మరి బాగున్న మనిషిని ఏం చేసినట్టు?" పదిహేడేళ్ళుగా మన ఊరి దగ్గులూ జ్వరాలూ చూసిన మనిషి, బక్రీదు పండగనాడు కూడా తలుపు తీసిన మనిషి, ఇప్పుడు రొట్టెల కొట్టు వరసలో నిలబడితే ఆయన వెనక ఎవరూ నిలబడటం లేదు.

అన్నయ్యా, ఆ పేజీ అబద్ధం.

ఈ మాట రాసి లేచి వెళ్ళి గేదెకి గడ్డి వేసి వచ్చాను. ఇప్పుడు మొదటినుంచీ చెప్తాను, మధ్యలో చింపెయ్యకుండా చదువు.

రంజాన్ రెండో వారంలో మాకు క్రియాటినిన్ ప్రాక్టికల్ పడింది. కిడ్నీలు రక్తంలోంచి బయటికి తోసెయ్యాల్సిన చెత్తలో అదొకటి. కిడ్నీ పని చెయ్యకపోతే రక్తంలో అది పెరుగుతుంది. ఎప్పుడూ ఆసుపత్రినుంచి రక్తం తెప్పించేవాళ్ళు, ఈసారి రాలేదు. మా ల్యాబు సారు హిలాల్, నలుగురి గుంపుకి ఒక్కళ్ళ చొప్పున ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం తెచ్చుకోండి అన్నాడు. మా గుంపులో ఒకమ్మాయి ఉపవాసంలో రక్తం తీయించుకోకూడదంది, ఇంకొకమ్మాయి కూడదని ఎవరన్నారని దెబ్బలాడింది గాని తన చెయ్యి మాత్రం చాపలేదు. సుహైలాకి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. నాకు రక్తం తక్కువ, నీకు తెలుసు. ఇంటికొచ్చి ఈ గొడవంతా చెప్తే అమ్మ పిండి చేతులతోనే నవ్వింది.

"నాది తీసుకోండే! నేను ఎలాగూ మీ యూనివర్సిటీ గేటు దాటలేదు, నా రక్తమైనా లోపలికి వెళ్ళి చూసొస్తుంది."

నర్సు పని చేసే హాషిం వాళ్ళమ్మే వచ్చి పొద్దున తీసిచ్చింది. నేను దాన్ని ఐసు ముక్కల డబ్బాలో పెట్టుకుని, ఒళ్ళో పట్టుకుని బస్సులో వెళ్ళాను. వీధి వీధంతా తెలిసిపోయింది, అమ్మ రక్తం చదువుకోవడానికి వెళ్ళిందని.

ఆ పరీక్షలో రక్తపు తేటకి పిక్రిక్ ఆమ్లం కలిపి కాసేపు ఆగితే నారింజ రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే క్రియాటినిన్ అంత ఎక్కువన్నమాట. పోల్చుకోవడానికి లెక్క తెలిసిన గొట్టం ఒకటి పక్కన ఉంటుంది. మిషనులో పెట్టకముందే తేడా కనబడింది. మా గొట్టం దానికంటే ఎర్రగా ఉంది, గుడ్డివాడికైనా తెలిసేంత.

"ఒసేయ్, ఆమ్లం రెండుసార్లు పోశావా?" అంది సుహైలా.

"ఒక్కసారే పోశాను."

"మరి ఇదేంటే, టమాటా రసంలా ఉంది?"

మిషనులో పెట్టి లెక్క కట్టాను. మూడు పాయింట్ నాలుగు. ఉండాల్సింది ఒకటి లోపు. నాలుగుసార్లు కట్టాను, నాలుగుసార్లూ అదే వచ్చింది.

"మూడున్నర ఉన్నవాళ్ళు మంచం మీద ఉంటారే. మీ అమ్మ పొద్దున కూడా రొట్టెలు కాల్చింది కదా? నీ చెయ్యే తప్పింది. సర్దెయ్," అంది సుహైలా.

సర్దడం అంటే ఏమిటో నీకు చెప్పాలి. మా దగ్గర అది దొంగతనం కాదు, ఆచారం. పై తరగతివాళ్ళు కింద తరగతివాళ్ళకి నేర్పిస్తారు. ముందు జవాబు అనుకుంటాం. ఆ జవాబు రావాలంటే మిషను ఎంత చూపించాలో వెనక్కి లెక్కగట్టి, ఆ అంకె రాసేస్తాం. రసాయనాల ధర మండిపోతోంది కాబట్టి గుంపుకి ఒక్కసారికే కొలిచి ఇస్తారు, తప్పు పోతే మళ్ళీ చేసే వీల్లేదు. గోడ మీద ఉండాల్సిన అంకెల కాగితం అంటించి ఉంటుంది. హిలాల్ సారు రికార్డు చూడడు, ఆ కాగితం చూస్తాడు. "ఆరోగ్యవంతుల రక్తం తెమ్మన్నాను. ఆరోగ్యవంతుల జవాబే రావాలి. రాలేదంటే తప్పు రక్తానిది కాదు, మీ చేతిది. చేతికి మార్కులు కోస్తాను," అంటాడు. మూడేళ్ళలో నేను ఎన్ని సర్దానో లెక్కలేదు. చక్కెర ద్రావణాలు, వెనిగర్లు, మందు బిళ్ళల పొడి. వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

మిషను చూపించింది సున్నా పాయింట్ నలభై ఒకటి. పెన్సిలుతో రాసింది చెరిపి సున్నా పాయింట్ పదకొండు అని రాశాను. జవాబు సున్నా పాయింట్ తొమ్మిది. సారు ఎర్రసిరాతో సంతకం పెట్టి "భేష్" అని రాశాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏమందే నా రక్తం?" అంది. "ఇరవయ్యేళ్ళ పిల్ల రక్తంలా ఉందట," అన్నాను. ఆ మాట విని ఎంత పొంగిపోయిందో! ఇఫ్తారు పూట పక్కింటికి కూడా పళ్ళెం పట్టుకుని వెళ్ళి చెప్పొచ్చింది.

దీన్ని నా చేతి తప్పు అనుకున్నాను అన్నయ్యా, నిజంగానే అనుకున్నాను. జరిగింది ఇంతే అయితే నీకు ఇంత భయపడుతూ రాయను. ఇంకొకటి ఉంది.

జూన్‌లో అమ్మ మోకాలు వాచింది. నేనే డాక్టర్ జహ్రాన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికే కాళ్ళకి నీరు పడుతోంది, ఒళ్ళంతా దురద అంటోంది, సాయంత్రానికి గోడకి జారిగిలబడిపోతోంది. ఆయన మోకాలు నొక్కి చూసి, "బలమైన బిళ్ళలు రాయాలి, ముందు కిడ్నీ పరీక్ష చేయించుకురండి," అన్నాడు. ఊరు అనుకుంటున్నట్టు ఆయన చూడకుండా రాసెయ్యలేదు. మొదట అడిగిందే అది.

అమ్మ నవ్వింది. "అయిపోయింది డాక్టరుగారూ! మా అమ్మాయి యూనివర్సిటీలో చేసింది. పుస్తకం చూపించవే."

పుస్తకం నా సంచిలోనే ఉంది. ఆయన పేజీ చూశాడు, ఎర్రసిరా సంతకం చూశాడు, తలెత్తి నన్ను చూశాడు.

"నువ్వే చేశావా తల్లీ?"

"అవునండీ."

"అంకె ఇదేనా? ఖాయంగా?"

ఆ క్షణంలో నాకు ఆ ఎర్రటి గొట్టం కళ్ళ ముందుకొచ్చింది. ఎదురుగా అమ్మ వాచిన కాళ్ళు కనబడుతున్నాయి. అప్పటికి మూడేళ్ళు చదివాను, ఆ రెంటినీ కలిపి చూడలేనంత మొద్దుని కాదు. కానీ అమ్మ నా వైపు అంత గర్వంగా చూస్తూ ఉంటే, ఆ మనిషి ముందు "లేదండీ, అది నేను అల్లిన అంకె" అనలేకపోయాను. సిగ్గేసింది. అంతే. అంత చిన్న కారణం.

"ఖాయమేనండీ," అన్నాను.

మూడు నెలలు ఆ బిళ్ళలు వేసుకుంది. అక్టోబరులో పిండి కలుపుతూ పడిపోయింది. మిగతాది నీకు తెలుసు.

నీ ఉత్తరం వచ్చింది పోయిన శుక్రవారం. నువ్వు ఆ పేజీ పంపమన్నాక ఇక దాచలేకపోయాను. శనివారం అమ్మ మిషను మీద ఉన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని చెప్పేశాను. గొట్టం సంగతీ చెప్పాను, క్లినిక్కు సంగతీ చెప్పాను. కళ్ళు మూసుకునే వింది.

"ఎవరికైనా చెప్పావా?" అంది.

"లేదమ్మా."

"చెప్పకు."

"అమ్మా, డాక్టరుగారు..."

"నా కిడ్నీలు పోయాయి, అది నాకూ దేవుడికీ మధ్య. నీ పట్టా కూడా పోతే నేను ఈ మంచం మీద పడుకుని ఎవరికోసం బతికున్నట్టు? ఆయన మగాడు, డాక్టరు, ఏ ఊళ్ళోనైనా బోర్డు కట్టుకుంటాడు. నువ్వెక్కడ బతుకుతావే?" సూదులు లేని చెయ్యి తీసి నా తల మీద పెట్టింది. "ఏడవకు పిచ్చిమొహమా. నువ్వేడిస్తే నాకు బీపీ పెరిగి ఈ మిషను కూస్తుంది."

ఒక్క నిమిషం పట్టలేదు అన్నయ్యా, నన్ను క్షమించడానికి. ఆమె ఒళ్ళు గుల్లయిపోయిన తప్పుకి ఒక్క నిమిషం. ఆ క్షమ పట్టుకుని మూడు రోజులు తిరిగాను. పట్టా తీసుకుని, ఏదో ల్యాబులో చేరి, ఎవరెవరి రక్తాలో చూసి, అంకెలు రాసి కాగితాల మీద సంతకాలు పెడుతూ బతకొచ్చు. ఎవరికీ తెలియదు. ఆ బతుకు వద్దనుకున్నాను.

మంగళవారం క్లాసు ఎగ్గొట్టి డాక్టరుగారి క్లినిక్కుకి వెళ్ళాను. కుర్చీలన్నీ ఖాళీ. ఆయన ఒక్కడే కిటికీ దగ్గర కూర్చుని కమలాపండు వలుచుకుంటున్నాడు.

"మీ నాన్న పంపాడా?"

"లేదండీ. నేనే వచ్చాను."

చెప్పాను. రికార్డు పుస్తకమూ, ఆ రోజు పెన్సిలుతో లెక్కలు కట్టుకున్న చిత్తు కాగితమూ ఆయన ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీనికి నీకు ఎన్ని మార్కులొచ్చాయి?"

"పదికి పదండీ."

"ఓహో," అన్నాడు. "నేను ఆ రోజు నిన్ను అడిగాను."

"అడిగారండీ."

"రెండుసార్లు అడిగాను."

కళ్ళద్దాలు తీసి అన్నాడు: "చదువుకునే పిల్ల రికార్డు చూసి మందు రాయడం నా బుద్ధితక్కువ. బయటి ల్యాబుకి పంపాల్సింది. ఈ మాట నీ బరువు తగ్గించడానికి చెప్పడం లేదు. నీ బరువు నీదే."

"ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదండీ?"

"ఆ బిళ్ళలు రాసేవాణ్ణి కాదు. మిషను ఎప్పటికో ఒకప్పటికి తప్పేది కాదేమో. మూడేళ్ళు, నాలుగేళ్ళు ఆగేదేమో. ఎవరు చెప్పగలరు?"

తెల్లకాగితం ఇచ్చాడు. జరిగినదంతా రాసి సంతకం పెట్టాను. ఎక్కడా ఏదీ సర్దలేదు. పదహారున డాక్టర్ల సంఘంలో అది చదువుతారు, నన్నూ రమ్మన్నారు. ఆ తర్వాత యూనివర్సిటీకి తెలుస్తుంది. డిగ్రీ ఆపుతారో, ఏడాది వెనక్కి నెడతారో, పేరే కొట్టేస్తారో తెలియదు. హిలాల్ సారు నన్ను గుర్తే పట్టనంటాడు, అది మాత్రం తెలుసు. నువ్వడిగిన పుస్తకం ఇక నా దగ్గర లేదు, అందుకే పంపడం లేదు.

నాన్నకి ఇంకా చెప్పలేదు. నువ్వు వచ్చాక, నువ్వు పక్కనుండగా చెప్తాను. నన్ను కాపాడటానికి కాదు, ఆయన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. దయచేసి పధ్నాలుగున దిగగానే క్లినిక్కు వైపు వెళ్ళకు. ఎవరినైనా కొట్టాలనిపిస్తే ఇంటికే రా, ఎక్కడ ఉంటానో తెలుసుగా.

క్లినిక్కునుంచి వచ్చిన రోజు సాయంత్రమే అమ్మకి చెప్పాను, ఆమె మాట జవదాటానని. తన దుప్పటి తీసుకుని అటు తిరిగి పడుకుంది. నిన్న బుధవారం, ఎప్పటిలాగే మైక్రోబస్సు ఎక్కాం. నేను చెయ్యి అందిస్తే సీటు కమ్మీ పట్టుకుని ఎక్కింది. డయాలసిస్ గదిలో కొత్త నర్సు చేరింది, చిన్న పిల్ల, నవ్వుమొహం. రిజిస్టరు తెరిచి అమ్మని అడిగింది, "మీతో ఎవరొచ్చారమ్మా? కూతురా?"

అమ్మ నావైపు చూసింది. తర్వాత నర్సు వైపు తిరిగింది.

"కాదు. మా వీధిలో పిల్ల," అంది.

ఆ పిల్ల అలాగే రాసుకుంది. నేను దిద్దమనలేదు.

ఇట్లు,
నువ్వు కాదనేదాకా నీ చెల్లెలు,
ఇబ్తిహాల్